దూరపు కొండల పిలుపు

పాఠ్యభాగ పరిచయం

ఒక అంశాన్ని తీసుకొని, దానిని పలు కోణాలనుంచి పరిశీలించి, క్రమపద్ధతిలో వివరించే రచనా ప్రక్రియను వ్యాసం అంటారు. యువతరాన్ని విశేషంగా ఆకర్షిస్తున్న ఓపెన్ వరల్డ్ వీడియో గేములలో అన్వేషణకు ఉన్న స్థానం ఎటువంటిది, ఆ అన్వేషణకు లభించే ప్రతిఫలం ఏమిటి అనే విషయాలను ఈ వ్యాసం చర్చిస్తుంది. ఆటలను పొగడడం గాని, నిందించడం గాని దీని ఉద్దేశం కాదు. కుతూహలమనే సహజ గుణాన్ని ఆట ఎప్పుడు మేల్కొలుపుతుందో, ఎప్పుడు నిద్రపుచ్చుతుందో గుర్తించగల వివేకాన్ని విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం లక్ష్యం.

పాఠ్యభాగం

“దూరపు కొండలు నునుపు” అన్నది తెలుగువారి సామెత. దూరాన ఉన్న కొండ కంటికి నున్నగా, అందంగా కనిపిస్తుంది. దగ్గరకు వెళితే రాళ్లూ రప్పలూ, ముళ్లూ పొదలూ ఎదురవుతాయి. పైకి కనిపించేదానిని చూసి మోసపోవద్దని సామెత చేసే హెచ్చరిక. అయితే ఇందులో మరొక సత్యం కూడా ఇమిడి ఉంది. కొండ నునుపు కాదని లోకానికి తెలియాలంటే ఎవరో ఒకరు అక్కడిదాకా నడిచి వెళ్లాలి. అలా నడిచి వెళ్లినవాడే అన్వేషకుడు. ఆ నడకనే వినోదంగా మలచిన ఆధునిక ప్రక్రియ ఓపెన్ వరల్డ్ వీడియో గేమ్.

పూర్వపు వీడియో గేములలో చాలావాటిలో ఆటగాని దారి ముందుగానే నిర్ణయమై ఉండేది. ఒక అంచె దాటితే మరొక అంచె వచ్చేది. ఎడమనుంచి కుడికి పరుగెత్తడం, అడ్డువచ్చినవాటిని దాటడం, చివరకు గమ్యం చేరడం వాటి పద్ధతి. ఓపెన్ వరల్డ్ ఆట తీరు వేరు. కొండలు, అడవులు, నదులు, పల్లెలు, పట్టణాలు గల ఒక విశాల ప్రపంచం అందులో ఆటగాని ముందు పరచి ఉంటుంది. ఏ దిక్కుగా వెళ్లాలో, ఏ పని ముందు చేయాలో అతడే నిర్ణయించుకుంటాడు. ఆటకు ఒక కథ ఉన్నా, అది సాధారణంగా అతని చేయి పట్టుకొని లాగదు. అతడు తిరిగి వచ్చేవరకు వేచి ఉంటుంది. గెలుపు ఓటముల కంటె ముందుగా ఆటగాని మనస్సులో మెదిలే ప్రశ్న ఒకటే: “ఆ కొండ అవతల ఏమున్నది?”

గుహనుంచి కంప్యూటరులోకి

ఈ ప్రశ్నకు కంప్యూటర్ ఆటలలో చోటు కల్పించినవారిలో ముందుగా చెప్పుకోదగినవాడు విలియం క్రౌథర్. ఆయన అమెరికాకు చెందిన కంప్యూటర్ ప్రోగ్రామర్. గుహలను శోధించడం ఆయనకు ప్రీతిపాత్రమైన వ్యాపకం. మానవులకు తెలిసిన గుహలలోకెల్లా పొడవైనది అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో ఉన్న మామత్ గుహ. ఆ గుహాసముదాయంలో తిరిగి, కొలతలు తీసుకొని, పటాలు గీసినవారిలో క్రౌథర్ ఒకడు. 1975-76 ప్రాంతంలో ఆయన తన కుమార్తెల వినోదం కోసం ఆ గుహనే ఒక ఆటగా రచించాడు. అదే “కొలాసల్ కేవ్ అడ్వెంచర్”.

ఆ ఆటలో బొమ్మలు లేవు. అక్షరాలు మాత్రమే ఉండేవి. ఆటగాడు తానున్న చోటి వర్ణన చదివి, ఏ దిక్కుకు పోదలచాడో టైపు చేస్తే, మరొక చోటి వర్ణన వచ్చేది. దీపం లేకుండా చీకటిలో కదిలితే గోతిలో పడే ప్రమాదం ఉండేది. 1977లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఉన్న డాన్ వుడ్స్ ఈ ఆటను విస్తరించి, మరిన్ని నిధులను, అద్భుతాలను చేర్చాడు. డెనిస్ జెర్జ్ అనే పరిశోధకుడు క్రౌథర్ తొలిరూపాన్ని అసలు గుహతో పోల్చి చూసి 2007లో ఒక వ్యాసం ప్రచురించాడు. ఆటలోని వర్ణనలు గుహ నిర్మాణాన్ని చాలావరకు అనుసరించాయని అందులో నిరూపించాడు. కాళ్లతో నడిచి, కళ్లతో చూసి, చేతులతో కొలిచిన అనుభవమే ఈ తరహా ఆటకు పునాది అయిందన్నమాట.

దాగి ఉన్న పేరు

క్రౌథర్, వుడ్స్‌ల ఆటను ఆడి ప్రేరణ పొందినవారిలో వారెన్ రాబినెట్ ఒకడు. ఆయన అటారీ సంస్థలో పనిచేస్తూ, బొమ్మలతో కూడిన “అడ్వెంచర్” అనే ఆటను తయారుచేశాడు. అది 1980 ప్రాంతంలో విపణికి వచ్చింది. ఆ రోజులలో అటారీ సంస్థ తన ఆటలపై వాటి రూపకర్తల పేర్లు వేసేది కాదు. రాబినెట్ తన ఆటలో ఎవరికీ చెప్పకుండా ఒక రహస్యపు గది నిర్మించాడు. నేపథ్యపు రంగులో కలిసిపోయిన అతి చిన్న చుక్కను వెతికి పట్టుకొని, దానిని సరియైన చోటికి తీసుకొని వెళితే తప్ప ఆ గదిలోకి ప్రవేశం దొరకదు. ఆ గదిలో బంగారం లేదు, ఆయుధం లేదు. ఆటను సృష్టించినవాడు వారెన్ రాబినెట్ అని తెలిపే అక్షరాలు మాత్రం ఉన్నాయి.

రాబినెట్ ఉద్యోగం విడిచి వెళ్లిన తరువాత ఒక బాలుడు ఆ గదిని కనుగొని సంస్థకు లేఖ వ్రాశాడు. అప్పటివరకు ఆ గది సంగతి సంస్థకే తెలియదు. అటువంటి దాపరికాలకు “ఈస్టర్ ఎగ్” అన్న పేరు అక్కడినుంచే వ్యాప్తిలోకి వచ్చింది. ఆ బాలునికి లభించిన ప్రతిఫలాన్ని విలువ కట్టి చెప్పలేము. అతనికి అక్కడ దొరికినది ఒక మనిషి జాడ. తనకంటె ముందు ఇక్కడికి ఒకరు వచ్చారు, తన వంటివాడు వస్తాడని ఎదురుచూశారు అన్న గ్రహింపు అది. అన్వేషణ ఇచ్చే ఆనందంలో ఈ భావానికి ముఖ్యమైన స్థానం ఉంది.

లాంతరు పట్టుకున్న బాలుడు

జపాన్ దేశంలో క్యోటో సమీపాన ఉన్న సొనోబె అనే పల్లెప్రాంతంలో షిగెరు మియమోటో 1952లో జన్మించాడు. చిన్నతనంలో ఆయన పొలాలు, అడవులు, కొండల వెంట ఒంటరిగా తిరిగేవాడు. ఒకనాడు ఒక గుహాముఖం ఆయన కంటబడింది. లోపలికి పోవడానికి భయం, పోకుండా ఉండలేని కుతూహలం. చివరకు లాంతరు పట్టుకొని ఆ గుహలోకి ప్రవేశించాడు. తరువాతి కాలంలో నింటెండో సంస్థలో పనిచేస్తూ ఆ బాల్యానుభవానికి ఆయన ఆట రూపం ఇచ్చాడు. 1986లో వెలువడిన “ది లెజెండ్ ఆఫ్ జెల్డా” అటువంటిదే.

ఆ ఆట మొదలు కాగానే కథానాయకుడు ఒక బయలులో నిలిచి ఉంటాడు. చేతిలో ఆయుధం లేదు. ఎటు పోవాలో ఎవరూ చెప్పరు. ఎదుట ఒక గుహాద్వారం నల్లగా కనిపిస్తుంది. అందులోకి వెళితే ఒక వృద్ధుడు కత్తి ఇస్తాడు. వెళ్లకపోయినా ఆట ఆగదు. కత్తి లేకుండానే ముందుకు సాగవచ్చు. కాని ఆ నల్లని ద్వారం చూసి లోపలికి తొంగిచూడనివారు అరుదు. ఏ ఆజ్ఞా లేకుండా, ఒక ద్వారాన్ని చూపించి ఊరుకోవడం ద్వారా మియమోటో ఆటగానిలోని బాలుణ్ణి మేల్కొలిపాడు.

కుతూహలం - దాని నిర్మాణం

ద్వారం కనిపించినంత మాత్రాన లోపలికి పోవాలని ఎందుకు అనిపిస్తుంది? ఈ ప్రశ్నకు మనస్తత్వశాస్త్రం ఒక సమాధానం చెబుతుంది. జార్జ్ లోవెన్‌స్టైన్ 1994లో ప్రచురించిన సిద్ధాంతం ప్రకారం మనిషికి తెలిసినదానికీ, తెలుసుకోగోరినదానికీ మధ్య ఉన్న ఖాళీ మనస్సుకు తట్టినప్పుడు కుతూహలం పుడుతుంది. ఏమీ తెలియనివానికి ప్రశ్నే ఉండదు. అంతా తెలిసినవానికీ ప్రశ్న ఉండదు. కొంత తెలిసి, కొంత తెలియకుండా ఉన్నప్పుడే మనస్సు నిలువనీయదు.

నేటి ఓపెన్ వరల్డ్ ఆటల రూపకర్తలు ఈ సూత్రాన్ని నేలలోను, రాళ్లలోను పొదిగి పెడతారు. 2017లో నింటెండో విడుదల చేసిన “బ్రెత్ ఆఫ్ ది వైల్డ్” ఇందుకు మంచి నిదర్శనం. ఆట ఆరంభంలో నాయకుడు గుహనుంచి బయటికి వచ్చి ఒక కొండ అంచున నిలబడతాడు. దిగంతం వరకు రాజ్యమంతా కనిపిస్తుంది: అగ్నిపర్వతం, కోట, అడవి, నీటి మడుగులు. కనిపించేవాటిలో దేనిదాకానైనా నడిచి వెళ్లవచ్చు. ఈ ప్రపంచాన్ని త్రిభుజాకారపు కొండలతో, గుట్టలతో నింపామని దాని రూపకర్తలు అదే సంవత్సరం జపాన్‌లో జరిగిన ఒక వృత్తి సదస్సులో వివరించారు. త్రిభుజం తన వెనుక ఉన్నదానిని కొంత దాస్తుంది. ఎక్కాలా, చుట్టి పోవాలా అన్న ఎంపికను ఆటగానికి ఇస్తుంది. అతడు చుట్టి వచ్చేసరికి దాగి ఉన్నది కొద్దికొద్దిగా బయటపడుతుంది. అంతలో అక్కడినుంచి మరొక త్రిభుజం కనిపిస్తుంది. సగం దాచడం, సగం చూపడం ఈ కళలోని రహస్యం.

అయితే అందరు ఆటగాళ్లూ ఒకే విధంగా ఉండరు. ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షాతో కలిసి పలువురు కలిసి ఆడే తొలి కంప్యూటర్ ప్రపంచాలలో ఒకదానిని నిర్మించిన రిచర్డ్ బార్టిల్, 1996లో ఆటగాళ్లను నాలుగు వర్గాలుగా విభజించాడు. విజయాలను కూడబెట్టేవారు, అన్వేషించేవారు, స్నేహాలు చేసేవారు, ఇతరులపై దాడి చేసేవారు అని ఆ వర్గాలు. అన్వేషకునికి సంఖ్యలతో పెద్దగా పనిలేదు. ఆ ప్రపంచం ఎట్లా పనిచేస్తున్నదో తెలిస్తే చాలు. ఒకే మనిషిలో ఈ నాలుగు గుణాలూ వేరువేరు పాళ్లలో ఉండవచ్చు. ఆట తీరునుబట్టి ఒకటి పైకి వస్తుంది, మరొకటి అణగిపోతుంది.

బాణం గుర్తు చేసిన మేలు, కీడు

అన్వేషక గుణాన్ని అణచివేయగలిగినది ఆటలోనే ఉంది. అది పటం మీది గుర్తు. అమెరికాకు చెందిన బెథెస్డా సంస్థ 2002లో “మారోవిండ్” అనే ఆటను విడుదల చేసింది. అందులో ఎవరినైనా దారి అడిగితే వారు మాటలతో చెబుతారు. ఫలానా వంతెన దాటి, ఫలానా రాతి దగ్గర మలుపు తిరగమంటారు. ఆటగాడు ఆ మాటలను గుర్తుపెట్టుకొని, చుట్టూ చూస్తూ నడవవలసిందే. దారి తప్పడం సహజం. తప్పిన దారిలోనే ఒక శిథిలాలయమో, ఒక బందిపోట్ల స్థావరమో కనిపించేది. వెతకబోయిన తీగ కాలికి తగిలినట్లు, ఒకదానికోసం పోతే మరొకటి దొరికేది.

అదే సంస్థ 2006లో తెచ్చిన తరువాతి ఆట “ఒబ్లివియన్”. ఇందులో తెర అడుగున ఒక దిక్సూచి ఉంటుంది. పోవలసిన చోటు ఎటున్నదో అందులోని బాణం గుర్తు చూపుతుంది. దీనివల్ల కలిగిన మేలును కాదనలేము. తీరిక తక్కువైనవారు, దారి తోచక ఆటను మధ్యలో విడిచిపెట్టేవారు సుఖంగా ఆడగలిగారు. కాని ఆ సుఖానికి ఒక మూల్యం ఉంది. ఆటగాని చూపు కొండనుంచి, చెట్టునుంచి మరలి బాణం మీదికి పోయింది. 2007లో యూబీసాఫ్ట్ సంస్థ ప్రారంభించిన “అసాసిన్స్ క్రీడ్” ఆటల పరంపరలో ఎత్తయిన కట్టడం ఎక్కగానే ఆ ప్రాంతపు పటం తెరుచుకొని చేయవలసిన పనుల గుర్తులు బయటపడతాయి. ఆ తరువాత ఈ పద్ధతి అనేక ఆటలకు ఒరవడి అయింది. గుర్తులు వందలకొద్దీ పెరిగినప్పుడు అది లోకసంచారంలా ఉండదు. అంగడికి తీసుకొని పోయే సరకుల పట్టీలా ఉంటుంది. ఒక్కొక్క పేరు కొట్టివేయడమే పని అవుతుంది.

గుర్తు ఉన్న చోట సమాధానం ముందు వస్తుంది, ప్రశ్న వెనుకబడుతుంది. అన్వేషణకు జరిగే నష్టం ఇదే. “బ్రెత్ ఆఫ్ ది వైల్డ్”లో కూడా ఎక్కవలసిన శిఖర స్తంభాలున్నాయి. కాని వాటిని ఎక్కితే నేల ఆకృతి మాత్రమే పటం మీదికి వస్తుంది. అక్కడినుంచి చుట్టూ చూసి, వింతగా తోచిన చోట్లకు ఆటగాడు తానే గుర్తులు పెట్టుకోవాలి. పైకి ఈ తేడా చిన్నదిగా కనిపించవచ్చు. గుర్తు పెట్టినవాడెవడో చూస్తే, ప్రశ్న వేసినవాడెవడో తెలుస్తుంది.

ప్రతిఫలం - పారితోషికం

వెతికినవానికి ఏదో ఒకటి దక్కాలి కదా అన్న సందేహం కలగడం సహజం. ప్రతిఫలం ఉండవలసిందే. అది ఏ రూపంలో, ఏ సమయంలో లభిస్తుంది అన్నది ముఖ్యం. ఈ విషయంలో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే శాస్త్రవేత్తలు 1973లో ప్రచురించిన ప్రయోగం ఎంతో విలువైనది. బొమ్మలు గీయడమంటే ఇష్టమున్న 3 నుంచి 5 సంవత్సరాల పిల్లలను వారు మూడు బృందాలుగా చేశారు. బొమ్మ గీస్తే బహుమతి పత్రం ఇస్తామని మొదటి బృందానికి ముందే చెప్పి ఇచ్చారు. రెండవ బృందానికి ముందు చెప్పకుండా, గీసిన తరువాత ఇచ్చారు. మూడవ బృందానికి ఏమీ ఇవ్వలేదు. కొన్ని రోజుల తరువాత పిల్లలు స్వేచ్ఛగా ఆడుకొంటున్నప్పుడు గమనిస్తే, మొదటి బృందంవారు మిగిలినవారితో పోలిస్తే సుమారు సగం సమయమే బొమ్మలు గీశారు. అనుకోకుండా బహుమతి పొందిన పిల్లల ఇష్టం మాత్రం తగ్గలేదు.

ముందే కుదుర్చుకొన్న బహుమతి ఇష్టమైన పనిని కూలిపనిగా మార్చివేస్తుంది. అనుకోకుండా లభించినది ఇష్టాన్ని అలాగే నిలుపుతుంది. అన్వేషణలో దొరికేవి స్వభావరీత్యా అనుకోనివి. 2022లో జపాన్‌కు చెందిన ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ సంస్థ “ఎల్డెన్ రింగ్” అనే ఆటను వెలువరించింది. అందులో అడవి మధ్య ఒక చిన్న కట్టడం ఉంది. లోపల క్రిందికి దింపే ఒక వేదిక ఉంది. ఎక్కితే అది దిగుతూ, దిగుతూ, ఇంకా దిగుతూనే ఉంటుంది. చివరకు భూమి అడుగున, పైన నక్షత్రాలు మెరుస్తున్నట్లు కనిపించే ఒక మహాప్రదేశం తెరుచుకుంటుంది. అక్కడ అంతటి లోకం ఉన్నదని ముందుగా పటం చెప్పదు. ఆ క్షణంలో ఆటగానికి కలిగే విస్మయానికి వేరే పారితోషికం అవసరం లేదు.

“బ్రెత్ ఆఫ్ ది వైల్డ్” రూపకర్తలు ఈ విషయాన్ని హాస్యంతో బోధించారు. ఆ రాజ్యంలో కొరోక్‌లనే చిన్న వనదేవతలు రాళ్ల క్రింద, చెట్ల కొనలపై దాగి ఉంటారు. ఒక్కొక్కరిని కనుగొంటే ఒక విత్తనం ఇస్తారు. మొత్తం విత్తనాలు 900. ఆయుధాల సంచిని పూర్తిగా పెంచుకోవడానికి 441 చాలు. మిగిలినవన్నీ కూడా వెతికి తెచ్చినవానికి చివరి బహుమతిగా లభించేది విసర్జితాన్ని తలపించే ఆకారం గల ఒక బంగారు ముద్ద. కొండను తవ్వి ఎలుకను పట్టినట్లయిందని కొందరు నొచ్చుకున్నారు. కాని ఆ హాస్యంలో ఒక హెచ్చరిక ఉంది. దారిలో ఎదురైన రాయిని కుతూహలంతో ఎత్తి చూసినవానికి అక్కడికక్కడే ఆనందం దక్కింది. లెక్క పూర్తి చేయడమే పనిగా పెట్టుకొన్నవానికి దక్కినది ఆ ముద్ద.

పరిమాణం, విస్మయం

ప్రపంచం ఎంత పెద్దదైతే అన్వేషణ అంత గొప్పదవుతుందా? 1984లో ఇంగ్లండులో డేవిడ్ బ్రాబెన్, ఇయన్ బెల్ అనే ఇద్దరు యువకులు “ఎలైట్” అనే అంతరిక్ష వర్తకపు ఆటను తయారుచేశారు. వారి కంప్యూటర్ జ్ఞాపకశక్తి 32 కిలోబైట్లు మాత్రమే. అంతటి ఇరుకులో లోకాలన్నింటినీ దాచిపెట్టడం అసాధ్యం కనుక, గణితసూత్రం ద్వారా అప్పటికప్పుడు వాటిని పుట్టించారు. ఈ పద్ధతిలో లెక్కకు మిక్కిలిగా నక్షత్రమండలాలను సృష్టించవచ్చు. కాని ప్రచురణకర్తల సలహాపై 8 మండలాలకు, మండలానికి 256 లోకాలకు పరిమితమయ్యారు. అంతకు మించితే అన్నీ ఒకే సూత్రం నుంచి వచ్చినవని ఆటగాడు పసిగడతాడని వారి భావన.

2016లో ఇంగ్లండుకే చెందిన హలో గేమ్స్ సంస్థ “నో మ్యాన్స్ స్కై” అనే ఆటను విడుదల చేసింది. అందులోని గ్రహాల సంఖ్యకు 20 అంకెలు ఉన్నాయి. తాను కనుగొన్న గ్రహానికి, ప్రాణికి ఆటగాడు తనకు నచ్చిన పేరు పెట్టవచ్చు. విడుదలకు ముందు ప్రపంచమంతటా అమితమైన ఆశ రేకెత్తింది. కాని కొన్ని గ్రహాలు తిరిగేసరికి అన్నీ ఒకే అచ్చులో పోసినట్లున్నాయని ఎందరో నిరాశ చెందారు. ఆ తరువాత సంస్థ ఏండ్ల తరబడి శ్రమించి, కొత్త అంశాలను ఉచితంగా చేర్చి, పోయిన ఆదరాన్ని తిరిగి సంపాదించుకుంది. లోకాలు ఎన్ని ఉన్నా, ఒక లోకం మరొక లోకాన్ని మరపించకపోతే కాలికి శ్రమే గాని కంటికి పండుగ ఉండదని ఆ తొలి అనుభవం తెలిపింది.

తెలివే తాళంచెవి

పరిమాణంలో దీనికి పూర్తిగా భిన్నమైనది 2019లో వెలువడిన “అవుటర్ వైల్డ్స్”. అలెక్స్ బీచమ్ తన విశ్వవిద్యాలయపు చదువులో భాగంగా ప్రారంభించిన ఈ ఆటలో ఉన్నది ఒక చిన్న సౌరకుటుంబం మాత్రమే. అందులోని సూర్యుడు 22 నిమిషాలలో పేలిపోతాడు. కాలం మళ్లీ మొదటికి వస్తుంది. ఆటగానికి ధనం ఉండదు, బలం పెరగదు, కొత్త ఆయుధం దొరకదు. ఒక కాలచక్రం నుంచి మరొక కాలచక్రంలోకి వెంట వచ్చేది ఒక్కటే, తాను తెలుసుకొన్న విషయం. అంతరించిపోయిన ఒక జాతివారు గోడలపై వ్రాసుకొన్న మాటలు చదివి, ఒక లోకంలోని రహస్యాన్ని మరొక లోకంలోని రహస్యంతో ముడివేసి చూడాలి. ఏ తలుపైనా బలంతో గాక తెలివితోనే తెరుచుకుంటుంది. ఆ తెలివి ఉంటే మొదటి 22 నిమిషాలలోనే ఆట ముగించవచ్చు. లేకపోతే ఎన్నిసార్లు పుట్టినా ముగియదు. అన్వేషణకు తెలుసుకోవడమే ప్రతిఫలమన్న మాటకు ఇంతకంటె నిదర్శనం అక్కర లేదు.

ఆట - వివేకం

ఇంతవరకు చెప్పిన గుణాలను చూసి, ఆటలో ఎంతసేపు గడిపినా మంచిదే అనుకోరాదు. ఆటపై అదుపు కోల్పోయి, చదువు, నిద్ర, బంధుమిత్రుల కంటె దానికే ప్రాధాన్యమిచ్చి, హాని జరుగుతున్నా మానలేని స్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక రుగ్మతగా గుర్తించింది. 2019లో ఆమోదించిన, 2022 జనవరి నుంచి అమలులోకి వచ్చిన వ్యాధుల వర్గీకరణలో దానిని చేర్చింది. ప్రతిరోజూ తప్పక వచ్చినవారికి కానుక, ఒకరోజు మానితే నష్టం అన్న ఏర్పాటు గల ఆటలు కుతూహలంతో పనిలేకుండానే మనిషిని కట్టిపడవేయగలవు. అక్కడ ఆటగాడు వెతుకుతున్నాడని పైకి కనిపిస్తుంది. నిజానికి అతని సమయాన్నే ఇతరులు వెతికి పట్టుకుంటున్నారు.

మరొక వైపు మేలును సూచించే పరిశోధనలూ ఉన్నాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు అర్వైన్ శాఖకు చెందిన గ్రెగరీ క్లెమెన్‌సన్, క్రెయిగ్ స్టార్క్ 2015లో ఒక అధ్యయనం ప్రచురించారు. అంతకుముందు ఆటల అలవాటు లేని విద్యార్థులలో కొందరు రెండు వారాలపాటు రోజుకు 30 నిమిషాలు, నలుదిక్కులా తిరిగి చూడదగిన ఒక ఆట ఆడారు. జ్ఞాపకశక్తి పరీక్షలో వారు మెరుగుపడ్డారు. లోతులేని సాధారణమైన ఆట ఆడినవారిలో అటువంటి మార్పు కనిపించలేదు. ఇది చిన్న అధ్యయనమే అయినా, కొత్త ప్రదేశాన్ని తనంతట తాను తెలుసుకోవడం మనస్సుకు వ్యాయామం కాగలదని సూచిస్తున్నది. ఇక్కడ కాలపరిమితి 30 నిమిషాలన్నది కూడా మరువరాదు.

కనుక ఆటను విడిచి లేచిన తరువాత ఆటగాడు తనను తాను ఒక ప్రశ్న వేసుకోవచ్చు: “ఇప్పుడు నాకు ఏమి గుర్తున్నది?” ఒక లోయ, ఒక వంతెన, దారి తప్పిన ఒక సాయంకాలం, ముందు అర్థం కాక తరువాత అర్థమైన ఒక చిక్కు గుర్తుంటే అతడు ఆ లోకంలో సంచరించాడు. ఇన్ని వస్తువులు పోగయ్యాయన్న అంకె మాత్రమే గుర్తుంటే అతడు అక్కడ కూలి చేశాడు. ఈ పరీక్ష ఆటకే పరిమితం కాదు. మార్కుల కోసం మాత్రమే చదివిన పుస్తకానికి, తెలుసుకోవాలని చదివిన పుస్తకానికి మధ్య ఉన్న భేదం కూడా ఇదే.

దూరపు కొండ నునుపు కాదన్న సంగతి సామెత ముందే చెప్పింది. అయినా మనిషి నడక ఆగలేదు. ఆ గరుకుదనాన్ని తన అరికాళ్లతో తెలుసుకోవడంలోనే అతనికి తృప్తి ఉంది. ఆ తృప్తిని ఆట రుచి చూపగలదు. రుచి తెలిసినవాడు ఇంటి వెనుక గుట్టనూ, ఊరి చివరి చెరువునూ, గ్రంథాలయంలో ఎవరూ తీయని పుస్తకాన్నీ అదే కంటితో చూడగలిగినప్పుడు ఆ ఆట అతనికి సార్థకమైనట్లు.

కఠిన పదాలు - అర్థాలు

అన్వేషణ : వెతకడం, శోధన
కుతూహలం : తెలుసుకోవాలనే ఆసక్తి
దిగంతం : దిక్కుల చివర
వ్యాపకం : ఇష్టంతో చేసే పని
విపణి : అంగడి, బజారు
విస్మయం : ఆశ్చర్యం
ఒరవడి : అనుసరించదగిన నమూనా
పారితోషికం : సంతోషంతో ఇచ్చే బహుమానం
రుగ్మత : వ్యాధి

అభ్యాసం

I. క్రింది ప్రశ్నలకు 20 పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. ఓపెన్ వరల్డ్ ఆటలలో అన్వేషణకు గల ఆకర్షణను పాఠ్యభాగం ఆధారంగా వివరించండి.
2. ప్రతిఫలం అన్వేషణను ఎప్పుడు పెంపొందిస్తుంది? ఎప్పుడు దెబ్బతీస్తుంది? ఉదాహరణలతో చర్చించండి.

II. క్రింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. విలియం క్రౌథర్ తన గుహానుభవాన్ని ఆటగా మలచిన తీరును తెలపండి.
2. పటం మీది గుర్తులవల్ల కలిగిన మేలును, కీడును వివరించండి.
3. “ఎలైట్”, “నో మ్యాన్స్ స్కై” ఆటలు పరిమాణాన్ని గురించి తెలిపే విషయాలేమిటి?

III. సందర్భ సహిత వ్యాఖ్యలు వ్రాయండి.
1. ఆ గదిలో బంగారం లేదు, ఆయుధం లేదు.
2. సగం దాచడం, సగం చూపడం ఈ కళలోని రహస్యం.
3. నిజానికి అతని సమయాన్నే ఇతరులు వెతికి పట్టుకుంటున్నారు.

IV. ఏకవాక్య సమాధానాలు వ్రాయండి.
1. మామత్ గుహ ఏ రాష్ట్రంలో ఉన్నది?
2. రిచర్డ్ బార్టిల్ ఆటగాళ్లను ఎన్ని వర్గాలుగా విభజించాడు?
3. “అవుటర్ వైల్డ్స్”లో ఒక కాలచక్రం ఎన్ని నిమిషాలు?

V. వ్యాకరణాంశాలు
సంధులు : ఏమున్నది = ఏమి + ఉన్నది (ఇకార సంధి); ఎవరైనా = ఎవరు + ఐనా (ఉకార సంధి); బాల్యానుభవం = బాల్య + అనుభవం (సవర్ణదీర్ఘ సంధి)
సమాసాలు : గుహాముఖం - గుహ యొక్క ముఖం (షష్ఠీ తత్పురుష సమాసం), విశాల ప్రపంచం - విశాలమైన ప్రపంచం (విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం), బంధుమిత్రులు - బంధువులును, మిత్రులును (ద్వంద్వ సమాసం)

VI. భాషాకార్యకలాపం
మీ ఊరి పరిసరాలలో మీరు ఇంతవరకు చూడని ఒక చోటికి పెద్దల అనుమతితో వెళ్లి, వెళ్లకముందు మీకు కలిగిన ప్రశ్నలను, వెళ్లిన తరువాత తెలిసిన విషయాలను ఒక పుటకు మించకుండా వ్రాయండి.